తప్పుల మేకు

నా గొంతు పెద్దది. కాలిపోయిన మోటార్ల మధ్య, గ్రైండర్ రొదలో, సుత్తి దెబ్బల్లో ఇన్నేళ్లు మాట్లాడి మాట్లాడి, పక్కనున్న మనిషిని మంచినీళ్లడిగినా వీధి చివర మనిషి వెనక్కి తిరిగి చూసేలా తయారయ్యాను. దానికి తోడు కోపం ముక్కు మీదే ఉంటుంది. వచ్చినంత వేగంగా పోతుంది గాని, అది పోయేలోపు ఎదుటివాళ్ల ప్రాణం పోతుందని మా ఆయన అనేవాడు. ఆయన పోయాక ఆ మాట అనేవాళ్లు లేక ఇంకాస్త ఎక్కువ అరుస్తున్నానేమో కూడా.

మాది మోటారు వైండింగ్ షాపు. మోటారు కాలిందంటే దాని లోపల చుట్టిన రాగితీగ కాలిందని అర్థం. ఆ పాత తీగంతా ఉలితో కోసి, పీకి, ఇనుములో ఉన్న గాడులన్నీ గీకి శుభ్రం చెయ్యాలి. కొత్త తీగని కాయిళ్లుగా చుట్టి, గాడిలో కాగితం పరిచి, ఒక్కో కాయిల్నీ చిన్న చెక్కపుల్లతో నొక్కుతూ కూర్చాలి. దారంతో కట్టి, వార్నిష్ పోసి ఆరబెడితే మోటారుకి మళ్లీ ప్రాణం వస్తుంది. చెప్పడానికి నాలుగు ముక్కలే. చేతికి పట్టుబడడానికి మాత్రం చాలా కాలం పడుతుంది.

ఆ తీగ మీద సన్నని పూత ఒకటి ఉంటుంది. చూస్తే కనపడదు, గట్టిగా గీసుకుంటే పోతుంది. పూత పోయినచోట ఒక చుట్టు ఇంకో చుట్టుకి తగిలితే, ఆ మోటారు కొన్నాళ్లు బుద్ధిగా తిరిగి, ఒక రోజు పొగ వదిలి కూర్చుంటుంది. అందుకని మా ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ముందు గది గోడకి పెద్ద మేకు కొట్టాడు. కాయిల్ పాడుచేసినవాళ్లు తమ చేత్తోనే తెచ్చి దాన్ని ఆ మేకుకి తగిలించాలి. తగిలించాక ఇక దాని ఊసు ఎవరూ ఎత్తకూడదు. మొదటి కాయిల్ ఆయనే తగిలించాడు. మేకు నిండినప్పుడు తీసి పాత రాగి కొనేవాడికి ఇచ్చేసి, మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెడతాం. అందులో నా వాటా ఎప్పుడూ తక్కువేం కాదు.

మా వీధి మలుపులో ఒక హోమ్ ఉంది. ఇళ్లల్లో దెబ్బలు తిని, చంటిపిల్లల్ని చంకనేసుకుని కట్టుబట్టలతో బయటపడిన అమ్మాయిలు అక్కడ తలదాచుకుంటారు. అక్కడి వార్డెనమ్మ ఒకసారి కాలిన ఫ్యాను పట్టుకుని షాపుకి వచ్చింది. నేను తీగ చుట్టడం నిలబడి చాలాసేపు చూసింది.

"ఈ పని మా పిల్లలకి నేర్పుతారా?" అంది.

"ఎందుకు, కుట్టుమిషన్లు లేవా మీ దగ్గర?" అన్నాను.

"ఉన్నాయి. కుట్టేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. మోటారు చుట్టే ఆడమనిషిని మాత్రం మిమ్మల్నొక్కరినే చూశాను."

పొగిడితే పడిపోయే మనిషిని నేను. ఒప్పుకున్నాను. అప్పుడు వార్డెనమ్మ తన షరతు చెప్పింది. "వాళ్ల ముందు గొంతు పెంచకండి. ఏదైనా పాడుచేసినా ఏమీ అనకండి. మెత్తగా, నెమ్మదిగా చెప్పండి. వాళ్లు పడ్డవి చాలు."

ఆ మాట నా మనసులో బాగా నాటుకుంది. ఆ అమ్మాయిలు రావడం మొదలైన రోజు నుంచి వాళ్ల దగ్గర నా గొంతు నొక్కేసుకున్నాను. నాకు ఒంట్లో బాగాలేదేమోనని ఎదురింటావిడ వచ్చి అడిగి వెళ్లింది.

వాళ్లు వచ్చిన కొద్ది రోజులకే షాపులో బల్లలన్నీ చోటు మారిపోయాయి. ఒకళ్లతో ఒకళ్లు చెప్పుకోలేదు, నన్ను అడగలేదు. రోజూ కాస్త కాస్త జరుపుకుంటూ పోయి, చివరికి అందరూ వీపు గోడకి ఆనించి, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. గుమ్మానికి వీపు పెట్టి పనిచేసేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. వాళ్లు ఏం దాటి వచ్చారో నాకు ఎవరూ కథలుగా చెప్పలేదు. ఆ బల్లలు చూస్తే తెలిసింది.

అందరికంటే ఆఖరున వచ్చింది సరేనమ్మ. ఆ పిల్లకి పేరుంది గాని, షాపులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మన మాట పూర్తి కాకముందే "సరేనండి" అనేసేది. ఉలి ఇలా తే అంటే సరేనండి. కాగితం అలా మడవకూడదంటే సరేనండి. అందరిలోకి పాతదైన పొడుగమ్మాయి ఒకసారి పరీక్ష పెట్టింది. "నీ నెత్తి మీద కొమ్ములు మొలిచాయే," అంది. దానికీ సరేనండి అని, ఆ తర్వాత తల తడుముకుంది. అందరం నవ్వాం. తనూ నవ్వింది. మేం ఆపేశాక కూడా, ఆపొచ్చో లేదో తెలియనట్టు, ఇంకాసేపు నవ్వింది.

ఆమెకి ఒక పాప. అప్పుడప్పుడే నడక, మాటా వస్తున్నాయి. వెనక గదిలో పిల్లలకి చాప పరిచి, బయటికి రాకుండా తలుపుకి అడ్డంగా చెక్కపలక పెట్టేదాన్ని. పాపతోపాటు ఒక వెలిసిపోయిన గుడ్డసంచి వచ్చేది. పాప తడిపిన, పాడుచేసిన బట్టలు వేసుకునే సంచి అది. సాయంత్రం వెళ్లేటప్పుడు ఆ సంచి కడుపు ఉబ్బి ఉండేది. చంటిపిల్ల ఉన్న ఇంట్లో బట్టలకేం కొదవ అనుకునేదాన్ని.

పనిలో సరేనమ్మ చెయ్యి చూస్తే ముచ్చటేసేది. సన్నని వేళ్లు, గాడిలో కాయిల్ దించుతుంటే పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెడుతున్నట్టు ఉండేది. నెలలు గడిచినా మేకు మీద ఆమె కాయిల్ ఒక్కటీ పడలేదు. వార్డెనమ్మ కనపడినప్పుడల్లా ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను.

పొడుగమ్మాయి మాత్రం పెదవి విరిచింది. "మీరు ఊరికే పొంగిపోకండక్కా. చుట్టేవాళ్లెవరైనా పాడుచేస్తారు. అదీగాక కొత్త తీగ ఇట్టే అయిపోతోంది, చూసుకుంటున్నారా?"

"నీకు కళ్లు కుడుతున్నాయే," అన్నాను, వార్డెనమ్మ చెప్పినంత మెత్తగా.

ఈలోగా హోమ్‌లో సరేనమ్మ గడువు దగ్గరపడింది. అక్కడ ఎవరినీ ఎల్లకాలం ఉంచరు, వెనక ఇంకొకళ్లు పిల్లల్నెత్తుకుని ఎదురుచూస్తుంటారు. చేతిలో జీతం ఉంటే మా వీధిలోనే చిన్న గది తీసుకుని పాపని పెంచుకోవచ్చు. లేదంటే ఆ మొగుడి ఇంటికే వెనక్కి పోవాలి. ఆమె తల్లిది రోజూ ఫోనులో ఒకటే పాట, సర్దుకుపోవే, ఎవరింట్లో లేవు అని. భర్త అక్క కూడా వచ్చి తీసుకెళతానని కబురు పెట్టింది.

నేను సరేనమ్మని పిలిచి చెప్పాను. "పిండి మిల్లాయన మోటారు వచ్చింది చూడు. అది మొదటి నుంచీ చివరిదాకా నువ్వొక్కదానివే చుట్టు. నేను చెయ్యి పెట్టను. అది బాగా నడిస్తే నువ్వు ఇక నేర్చుకునే పిల్లవి కావు, నా షాపులో జీతం మనిషివి. గది ఇప్పించే పూచీ నాది."

"సరేనండి," అంది. ఆ ఒక్కసారి మాత్రం నా మాట మొత్తం విన్నాకే అంది.

చుట్టింది. కరెంటు ఎక్కడైనా బయటికి కారుతోందేమోనని టెస్టు దీపం పెట్టి చూశాను, ఎక్కడా లోపం కనపడలేదు. స్విచ్ వేశాం. మోటారు సన్నగా, ఒకే రాగం మీద తిరిగింది. సరేనమ్మ వెనక గదిలోకి పరుగెత్తి పాపని ఎత్తుకొచ్చి చూపించింది. పాప ఆ తిరిగేదాని వంక వేలు చూపించి "అమ్మ" అంది. మాలో నవ్వనివాళ్లు లేరు. మర్నాడు పిండి మిల్లు ఆయన బండి మీద మోటారు తీసుకుపోయాడు.

ఆ తర్వాత కొన్ని రోజులకి, మధ్యాహ్నం పూట, పాప ఆడుకుంటూ ఆ గుడ్డసంచిని లాగింది. లాక్కుంటూ వచ్చి, పలక మీదుగా ముందు గదిలోకి తోసింది. సంచి తలకిందులైంది. అందులోంచి పాప లాగు ఒకటి పడింది. దాని వెనకే రాగి కాయిళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ నేలంతా పరుచుకున్నాయి.

షాపులో అందరి చేతులూ ఆగిపోయాయి. రాగి అంటే మాకు బంగారమే. పొడుగమ్మాయి "చెప్పానా" అనబోయి, సరేనమ్మని చూసి నోరు మూసుకుంది.

సరేనమ్మ తన బల్ల కింద నేల మీద కూర్చుంది. మోకాళ్లు ఛాతీకి ఆనించి, రెండు చేతులూ మడిచి తల మీద కప్పుకుంది. పాప వాళ్లమ్మ వంక చూసి, తనూ అక్కడే కూలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. ఆ పసిదానికి ఎవరూ నేర్పకుండా అలా కూర్చోవడం వచ్చు.

ఒక కాయిల్ తీసి వెలుగులో చూశాను. తీగ మీద గీత పడింది. ఇంకోటి తీశాను, చుట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఎక్కాయి. మరోటి సగంలో తెగింది. దొంగ ఎవరైనా మంచి తీగ పట్టుకుపోతాడు గాని పాడైన కాయిళ్లు దాచుకోడు. ఇవన్నీ మేకుకి వేలాడాల్సినవి.

నేను ఆమె ముందు కూర్చున్నాను. "ఇవి ఈ సంచిలో ఎందుకు పెట్టావమ్మా?" అని వీలైనంత మెత్తగా అడిగాను.

చేతుల కిందనుంచి జవాబు వచ్చింది. "అక్కడ ఏదన్నా పగిలితే ఇందులోనే దాచేదాన్నండి. గ్లాసులు, గిన్నె మూతలు. పాప మురికిబట్టల సంచి కదండీ. ఆయన దీన్ని ముట్టుకునేవాడు కాదు."

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు. కానీ మంట ఎవరి మీదైనా నా గొంతు లేచే దారి ఒకటే, అందుకని వార్డెనమ్మ మాట గుర్తు తెచ్చుకుని పళ్లు బిగించి మింగేశాను. నా గొంతు నాకే వినపడనంత నెమ్మదిగా చెప్పాను.

"ఏం ఫర్వాలేదు. నేనేమీ అనను. లేచి పని చూసుకో."

ఆమె చేతులు దించి నా మొహం చూసింది. అప్పటిదాకా ఉన్న రంగు కూడా పోయి తెల్లబోయింది. సరేనండి అనలేదు. సాయంత్రం పాపని ఎత్తుకుని వెళ్లిపోయింది, సంచి ఇక్కడే వదిలేసి.

మర్నాడు రాలేదు. మధ్యాహ్నానికి వార్డెనమ్మ ఫోన్ చేసింది. రేపు ఆడపడుచు వస్తోంది, వెళ్లిపోతానంటోంది, ఎంత చెప్పినా వినడం లేదు అంది. షాపు పొడుగమ్మాయికి అప్పగించి హోమ్‌కి పోయాను.

పొడవాటి గది, వరసగా ఇనప మంచాలు. కిటికీ పక్క మంచం మీద పాప నిద్రపోతోంది. సరేనమ్మ పాప బట్టలు మడతపెడుతోంది. పసిపిల్ల గౌను నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడుస్తోంది.

"నిన్న నేను నిన్ను ఒక్క మాటన్నానా?" అన్నాను.

"లేదండి."

"మరి ఎందుకు పోతున్నావు?"

"అందుకేనండి," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె గౌను వంకే చూస్తూ మాట్లాడింది. ఆ పిల్ల అన్ని మాటలు కలిపి మాట్లాడడం నేను అదే వినడం.

"ఆయన అరిచిన రోజు ఏమీ ఉండేది కాదండి. అరిచి అరిచి పడుకునేవాడు. ఏమీ అనని రోజే... ఏం ఫర్వాలేదులే అనేవాడు. మెల్లగా అనేవాడండి, మీరన్నట్టే. భోంచేసి, చెయ్యి కడుక్కుని, పాపని ముద్దు పెట్టుకుని, అప్పుడు తలుపు గొళ్లెం పెట్టేవాడు."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"మీరు వచ్చిపోయే వాళ్లందరితో గట్టిగా మాట్లాడతారండి. మాతో మాత్రం మెల్లగా మాట్లాడతారు. నేను వచ్చినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, ఎప్పుడు దెబ్బ పడుతుందా అని. నిన్నైతే ఇక పడిందే అనుకున్నాను. పడలేదు. రాత్రంతా నిద్ర లేదండి." గౌను మడత ఆపి నా వంక చూసింది. "అక్కడైతే ఎప్పుడు పడుతుందో తెలుసు. ఇక్కడ తెలియడం లేదు."

ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకుని ఈ పిల్లలకి మేలు చేస్తున్నాననుకున్నాను. నేను పెట్టిన ఆ మౌనం కింద ఈ పిల్ల రోజూ తల కప్పుకుని కూర్చుంది. వార్డెనమ్మది తప్పనడానికి లేదు, నాదనడానికీ లేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

"పాప సంచి షాపులోనే ఉండిపోయింది. రేపు వచ్చి తీసుకెళ్లు. మీ వదినని కూడా అక్కడికే రమ్మను," అన్నాను. ఒక పూట ఆపగలిగితే చాలుననిపించింది. ఆ పూట ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు.

పొద్దున్నే ఆడపడుచు వచ్చింది. పెద్దామె, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంది. మంచిగానే మాట్లాడింది. మా తమ్ముడు మారాడమ్మా, ఈసారి నేను చూసుకుంటాను అంది. కాసేపటికి సరేనమ్మ వచ్చింది, ఒక చేత్తో పాప, ఇంకో చేత్తో బట్టలమూట. మూట దించి, పాపని వదిన ఒళ్లో కూర్చోబెట్టి, తన గుడ్డసంచి కోసం లోపలికి వచ్చింది. సంచి కాయిళ్లతో సహా ఆమె బల్ల మీదే పెట్టి ఉంచాను.

అప్పుడే వీధిలో చక్రాల బండి చప్పుడైంది. దాని కంటే ముందు కాలిన వార్నిష్ వాసన వచ్చింది. దాని వెనక మిల్లాయన గొంతు వచ్చింది. మిల్లు పక్కన బతికే మనిషి, ఆయన గొంతుకి నా గొంతు సరిపోదు.

"చెల్లెమ్మా! ఏంటమ్మా ఇది! కొత్తగా చుట్టించిన మోటారు ఇలా పొగ వదిలితే నేనేం కావాలి!"

ఇద్దరు మనుషులు మోటారు మోసుకొచ్చి గుమ్మం దగ్గరే దించారు. మూత విప్పాను. ఒక్క చోట నల్లగా మాడింది. అక్కడి గాడిలో కాగితం పక్కన ఇంకో కాగితం ముక్క ఇరికించి ఉంది. తీగ గీసుకుపోతే, ఆ కాయిల్ తీసే ధైర్యం లేక, కాగితంతో కప్పేసిందన్నమాట. టెస్టు దీపానికి దొరకని తప్పు అది. సంచిలో దాచలేని ఒక్క కాయిల్ని మోటారులోనే దాచింది.

తలెత్తి చూశాను. సరేనమ్మ సంచి పట్టుకుని గోడకి అతుక్కుపోయి ఉంది.

"ఎవరు చుట్టారు దీన్ని?" అన్నాడు మిల్లాయన. వీధి అవతలికి వినపడింది.

"నేనే అన్నయ్యా," అన్నాను. వెళ్లిపోయే పిల్ల, ఈ ఒక్కటైనా నెత్తినేసుకోకుండా పోనీ అనుకున్నాను.

"నువ్వా? నీ చేత్తో చుట్టింది ఇలాగా?" అంటూ మిల్లాయన చెయ్యి ఊపుతూ నా వైపు ఒక అడుగు వేశాడు. మాట్లాడేటప్పుడు చేతులూపడం ఆయనకి అలవాటు.

"ఆవిడ కాదండీ!"

సరేనమ్మ ఆయనకీ నాకూ మధ్యకి వచ్చి నిలబడింది. కళ్లు గట్టిగా మూసుకుంది. చేతులు మాత్రం పైకి లేవలేదు, సంచిని పట్టుకునే ఉన్నాయి.

"నేను చుట్టానండి. తీగ గీసుకుపోయింది. తెలిసే కప్పేశాను. ఆవిడకి తెలీదు. ఆవిణ్ని ఏమీ అనకండి."

మిల్లాయన ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూశాడు.

"నువ్వా? అయితే నువ్వే చెప్పు, ఎప్పటికిస్తావు?"

ఆమె ఒక కన్ను తెరిచింది.

"మిల్లు ముందు జనం సంచులేసుకుని కూర్చున్నారమ్మా. ఎప్పటికిస్తావు?"

"రే... రేపటికండి."

"రేపు పొద్దున్నా?"

"కుదరదండి. వార్నిష్ ఆరాలి. సాయంత్రం."

"సరే, ఆరబెట్టే ఇవ్వు. ఈసారి కప్పెట్టకు, తల్లీ," అని, ఆయన బండి తోసుకుని అరుచుకుంటూనే వెళ్లిపోయాడు. మలుపు తిరిగేదాకా ఎవరినో దారి తప్పుకోమంటున్న ఆయన కేకలు వినిపించాయి.

సరేనమ్మ రెండో కన్ను కూడా తెరిచింది. నా వైపు తిరిగి, "మిమ్మల్ని కొడతాడనుకున్నానండి," అంది.

అప్పుడు నాకు ఆగలేదు. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నా అసలు గొంతు బయటికి వచ్చింది.

"తీగ గీసుకుపోతే కొంపలేం మునిగాయే! నేను రోజూ గీసుకుంటాను! మేకు అక్కడ దేనికి కొట్టి చచ్చాం? తెలిసి తెలిసి కప్పెడతావా? ఆ మోటారు షాకు కొట్టి మిల్లులో ఎవరైనా పోతే ఏమయ్యేది? నీ చేతిలో అంత పని పెట్టుకుని, ఒక్క కాయిల్ మళ్లీ చుట్టడానికి బద్ధకమా, భయమా? ఎవరికి భయం? నాకా? నన్ను చూసి భయపడితే నన్ను అడగాలి గాని కాగితం ముక్కనా అడిగేది?"

ఇంకా చాలా అన్నాను. అన్నీ రాయను. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ తొంగి చూసింది. నాకు ఒంట్లో బాగైందని ఆవిడకి అర్థమై ఉంటుంది. మిగతా అమ్మాయిలు గోడలకి అతుక్కుపోయారు. సరేనమ్మ నిలబడి అంతా వింది.

నా ఊపిరి అయిపోయింది. ఆపేశాను.

ఆమె అలాగే నిలబడి ఉంది. గుమ్మం వంక చూసింది. తలుపు బార్లా తీసే ఉంది. నా చేతుల వంక చూసింది. నా చేతుల్లో మూత విప్పిన స్క్రూలు తప్ప ఏమీ లేవు.

"అయిపోయిందా అండి?"

"ఏంటి?"

"తిట్టడం."

"అయిపోయింది."

"తర్వాత?"

"తర్వాతేంటే? ఆ మాడిన తీగ కొయ్యాలి, రేపు సాయంత్రానికిస్తానని నువ్వే ఒప్పుకున్నావు. మోటార్లు కాలకపోతే మనకి తిండెక్కడిది?"

ఆమె ఇంకాసేపు చూసింది. ఏమీ రాలేదు. పొడుగమ్మాయి ముక్కు తుడుచుకుంటూ తన కాయిల్ వైపు తిరిగింది. ఎవరో చుట్టే యంత్రం పిడి తిప్పడం మొదలుపెట్టారు.

"అంతేనా అక్కా?" అంది. నన్ను అక్కా అనడం అదే మొదలు.

"అంతే."

అప్పుడు ఏడ్చింది. సంచి గుండెలకి అదుముకుని, దాచుకోకుండా, గట్టిగా శబ్దం చేస్తూ ఏడ్చింది. నేను వెళ్లి పట్టుకోలేదు. పట్టుకోవాలని నాకూ ఉంది గాని, ఆ ఏడుపు ఆమె సొంతమనిపించింది.

ఏడుపు తగ్గాక మేకు దగ్గరికి వెళ్లింది. సంచిలోంచి ఒక్కో కాయిల్ తీసి తగిలించింది. మేకు చాలక కొన్ని జారి పడ్డాయి. పొడుగమ్మాయి సుత్తి తెచ్చి పక్కనే ఇంకో మేకు కొట్టి, ఏమీ మాట్లాడకుండా తన చోటికి పోయింది.

ఆడపడుచు స్టూలు మీదనుంచి లేచింది. "పద తల్లీ, పొద్దెక్కుతోంది. ఈసారి నేనుంటానుగా."

"అప్పుడు కూడా ఉన్నారుగా వదినా. పక్కగదిలోనే ఉన్నారు." సరేనమ్మ గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. "నేను రాను."

పెద్దామె తల దించుకుంది. "వాడికేం చెప్పను?" అంది.

"రేపు సాయంత్రానికి మోటారివ్వాలని చెప్పండి."

పెద్దామె పాపని నెమ్మదిగా కింద దించింది. దించాక పాప తల ఒకసారి నిమిరి, చేతిసంచి తీసుకుని వీధిలోకి వెళ్లిపోయింది. సరేనమ్మ ఆమె మలుపు తిరిగేదాకా చూసి, పాపని వెనక గదిలో చాప మీద కూర్చోబెట్టి వచ్చింది. బట్టలమూట నా బల్ల కింద పెట్టింది. ఆ సాయంత్రం గది చూడడానికి వెళ్దామని చెప్పాను.

మోటారు బరువుది. గుమ్మం దగ్గర దించినచోటే ఉంది. సరేనమ్మ పీట తెచ్చుకుని దాని ముందు కూర్చుంది, వెలుగు చేతుల మీద పడేలా, వీపు గుమ్మం వైపు పెట్టి. అలా కూర్చున్నానని ఆమెకి తెలుసో లేదో. ఉలి పెట్టి, సుత్తితో మాడిన తీగ కొయ్యడం మొదలుపెట్టింది.

"ఏమే, గాడి అంచు జాగ్రత్త! గీరేస్తున్నావు!" అన్నాను ఇవతలి నుంచి, నా మామూలు గొంతుతో.

సుత్తి ఆగలేదు. తలా తిరగలేదు.

"చూస్తున్నానక్కా, అరవకండి," అంది.